కల్లుపాకకు వకాల్తా

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఈ టపా చదివిన తరువాత నన్ను గూర్చి కూడా అటువంటి మాట ఒకటి పుట్టవచ్చు. పుట్టనీయండి. నేను మద్యం ముట్టనివాణ్ణి. పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాణ్ణి. అయినా ఈ పూట కల్లుపాక పక్షాన వకాల్తా పుచ్చుకొని మాట్లాడదలచాను. ఎదుటిపక్షంలో ఉన్నది ప్రభుత్వం ఒక్కటే అయితే ఇంత ఆవేశపడను. ఎదుటిపక్షంలో ఉన్నది మనమే: గోదావరి డెల్టాలో నాలుగక్షరాలు నేర్చినవాళ్ళం, మర్యాదస్థులమని చెప్పుకొనేవాళ్ళం.

మా సీమలో పెళ్ళివారి విడిదిలో సీసాలు తెరుచుకోవడం ఇప్పుడు అతిథిమర్యాదలలో ఒకటి. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల దగ్గర రంగురంగుల సీసాలకు కొదవ ఉండదు. వాటిని చూచి ఎవరూ ముక్కు మూసుకోరు. ఊరి నడిబొడ్డున దీపాలు వెలిగించుకొని సీసాల దుకాణం నిలబడుతుంది. కల్లుపాక మాత్రం చేలగట్టు వెనుక, కాలువ అవతల, తప్పు చేసినదానివలె ఒదిగి ఉంటుంది. సీసాలోనిది నాగరికత, ముంతలోనిది మోటుతనం! ఈ తారతమ్యం ఏ ధర్మశాస్త్రంలో ఉందో నాకు తెలియదు.

మాట సంగతి ముందు చూద్దాం. కల్లు అచ్చమైన మన మాట. తమిళుల 'కళ్', కన్నడిగుల 'కళ్ళు' దీని తోబుట్టువులు. 'అబ్కారీ' పారశీకం, 'బ్రాందీ' ఐరోపా సరుకు. ఇంగ్లీషువారి 'టాడీ' కూడా హిందీ 'తాడీ'కి వచ్చిన అపభ్రంశమే. తెల్లవాడు చెట్టు పేరునే ఎరువు తీసుకొని నిఘంటువులో పెట్టుకున్నాడు. మనం మాత్రం ఇంట్లో ఉన్న మాటను సభలో పలకడానికి సిగ్గుపడుతున్నాం. ఒక సభలో నేను 'కల్లు' అన్నందుకు నిర్వాహకుడొకరు 'నీరా అంటే బాగుంటుందేమో' అని చెవిలో ఊదారు. నీరా వేరు, కల్లు వేరు అని ఆయనకు తెలియదు. లొట్టి లోపల సున్నం పూసి, చెట్టు నుంచి దిగే రసాన్ని పులియనీయకుండా చేస్తే అది నీరా. సున్నం లేకపోతే, కారడం మొదలైన క్షణం నుంచే గాలిలోని, లొట్టిలోని సూక్ష్మజీవులు తమ పని మొదలుపెడతాయి. ఉదయం తియ్యన, మధ్యాహ్నానికి ఘాటు, మరునాటికి పులుపు. ఇదీ కల్లు జీవితచరిత్ర. దీనిని సీసాలో బంధించి దూరదేశానికి పంపడం కుదరదు. చెట్టు దగ్గర, ఆ పూట, ఆ ఊరివాళ్ళే తాగాలి. కల్లుకు ఊరుంది, వేళ ఉంది, ఋతువుంది. సీసాకు మూడూ లేవు.

ఈ చివరి ముక్కను పట్టుకొని ఒక దేశంలో జనం ఉద్యమం నడిపారంటే మీరు నమ్మాలి. ఇంగ్లండులో పెద్ద కంపెనీలు బీరును వడగట్టి, అందులోని జీవాన్ని చంపి, ఎక్కడ తాగినా ఒకే రుచి వచ్చేటట్లు చేస్తున్నాయని 1971లో నలుగురు మిత్రులు ఒక సంఘం పెట్టారు. దాని పేరు కామ్రా. పీపాలో కూడా పులుస్తూ బ్రతికి ఉండే పాతకాలపు బీరును వారు 'రియల్ ఏల్' అన్నారు. ఇప్పుడు ఆ దేశంలో ఊరూరా దానికి ఉత్సవాలు జరుగుతాయి. పక్క ఊరి పీపాకూ మన ఊరి పీపాకూ రుచిలో తేడా ఏమిటని పెద్దమనుషులు కూర్చుని చర్చిస్తారు. మన కల్లు కంటె అది ఏ విధంగా గొప్పది? అదీ పులుస్తూ బ్రతికే పానీయమే, ఇదీ అంతే. అక్కడ దానికి ఉత్సవం, ఇక్కడ దీనికి చాటు!

వేల్సు దేశపు పల్లెల సంగతి ఇంకా చిత్రం. లిథ్‌వైన్ అనే చిన్న ఊళ్ళో మూతపడిన పానశాలను 1988లో ఊరివాళ్ళే చేతికి తీసుకొని నడుపుకొన్నారు. దాని పేరు తవార్న్ ఎ విక్. రోజ్‌బుష్ అనే మరో ఊళ్ళో రేకుల గోడల పానశాల ఉంది. యజమాని దానిని వదులుకోగా 2017లో జనం వాటాలు వేసుకొని కొనుక్కున్నారు. ఎందుకింత తాపత్రయం? వెల్షు భాష ధారాళంగా పలికే చోటు ఊళ్ళో ఇంకేదీ మిగలలేదన్న భయం కొంత, పదిమంది కలిసే చోటు పోతుందన్న భయం కొంత. వాళ్ళు తాగుబోతు జాతి కదా అని తీసిపారేయకండి. ఆదివారం పానశాల తెరవరాదని వేల్సుకు 1881లో ప్రత్యేకంగా చట్టం చేయించుకున్న దైవభక్తులు వాళ్ళు. లిథ్‌వైన్ ఉన్న ద్వివోర్ ప్రాంతంలో ఆ నిషేధం 1996 దాకా నడిచింది. ఆదివారం తాగడం తప్పనుకున్న జనమే, ఊరి పానశాల చచ్చిపోవడం అంతకంటె తప్పని కూడా అనుకున్నారు. రెండూ ఒకే మనసులో ఇమిడాయి. మన మనసులు అంత విశాలం కావు కాబోలు.

ఇక మన చరిత్రకు వద్దాం. తాడిచెట్టు ఒకసారి మంత్రివర్గాన్నే పడగొట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు వారి మద్యనిషేధం కూడా వారసత్వంగా వచ్చింది. చెట్టెక్కి బ్రతికే లక్షలమంది నోట మట్టి పడింది. నిషేధం విఫలమయింది, ఎత్తివేయండి అని ప్రభుత్వం తానే వేసుకొన్న రామమూర్తి సంఘం చెప్పింది, ప్రభుత్వం వినలేదు. గౌతు లచ్చన్నగారు గీత కార్మికుల పక్షాన ఉద్యమం నడిపారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒకనాడు మా రాజమహేంద్రవరం పురపాలక సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఆంధ్రకేసరి మీద నాకున్న భక్తికి లోటేమీ లేదు. కాని తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్న సామెత ఆనాడు శాసనసభలో అక్షరాలా రుజువయింది. ఈ ఘట్టం ఎందరు విద్యార్థులకు తెలుసు?

తరువాత కథ మీరెరిగినదే. 1980లలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాను పొట్లాలలో పోసి పల్లెపల్లెకూ పంపింది. ఎంత చక్కని సంస్కృతం! పురాణాలలోని వారుణిని తెచ్చి ప్లాస్టిక్ సంచిలో కట్టిన ఘనత మనది. దానిమీద దూబగుంట స్త్రీలు తిరగబడ్డారు; 1993లో సారా పోయింది; 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది; 1997లో అదీ పోయింది. 2019లో ప్రభుత్వమే దుకాణదారు అయింది. 2024లో దుకాణాలు మళ్ళీ ప్రైవేటువారికి వెళ్ళాయి. తొంభై తొమ్మిది రూపాయలకు 180 మిల్లీలీటర్ల సీసా అన్నది ఆ విధానంలో ఘనంగా చాటిన అంశం. ఇన్ని మలుపులలో ఏ ప్రభుత్వమైనా కల్లుపాకను గౌరవంగా నిలబెట్టే ఆలోచన చేసిందా?

కొంచెం లెక్క చెప్పుకుందాం. సీసాలోని బ్రాందీలో మత్తుపదార్థం నూటికి దాదాపు 43 పాళ్ళు. తాజా కల్లులో నాలుగైదు పాళ్ళు. అంటే ఆ తొంభై తొమ్మిది రూపాయల చిన్న సీసాలో ఉన్నంత మత్తు, కల్లులో కావాలంటే లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. కడుపే వద్దంటుంది. రాజ్యాంగం నలభై ఏడవ అధికరణం మద్యపానాన్ని నిషేధించే ప్రయత్నం చేయమంటుంది. చేయకపోతే పోయె, తేలికదానిని తరిమి ఘాటుదానిని కూర్చోబెట్టమని ఆ అధికరణంలో ఎక్కడా లేదు! తమిళనాడు ఇంకా రెండాకులు ఎక్కువ చదివింది. తాడిచెట్టు వారికి రాష్ట్రవృక్షం. ఆ చెట్టు కల్లు 1987 నుంచి నిషిద్ధం. బ్రాందీ సీసాను మాత్రం 2003 నుంచి సర్కారు దుకాణమే అమ్ముతుంది.

ఇప్పుడు అసలు ముల్లు. 2025 ఆరంభంలో మన రాష్ట్రంలో మద్యం దుకాణాలలో పదింట ఒక వంతు గీత కులాలవారికి కేటాయించారు. శెట్టిబలిజలు, గౌడులు, ఈడిగలు, యాతలు, శ్రీశయనులు... తరతరాలు చెట్టునే నమ్ముకొన్న వారికి న్యాయం చేశామన్నారు. ఆ దుకాణంలో అమ్మేదేమిటి? సీసా. ఎవరి వృత్తిని సీసా తినేసిందో వారి చేతికే సీసా ఇచ్చి అమ్ముకోమనడం న్యాయమా? నేతగాడికి మిల్లుగుడ్డల దుకాణం పెట్టించి చేనేతను ఉద్ధరించామంటే ఊరుకుంటామా? పైగా దుకాణం దక్కేది లైసెన్సు రుసుము కట్టగలిగిన ఏ ఒక్కరికో. మోకు భుజాన వేసుకొని రెండు పూటలా చెట్టెక్కేవాడికి దక్కేది ఏమీ లేదు.

నేను పనిచేసిన బడిలో ప్రవేశపట్టికలో 'తండ్రి వృత్తి' అనే గడి ఉండేది. గీత కార్మికుల పిల్లలు అక్కడ 'వ్యవసాయం' అని చెప్పేవారు. ఒక్కడూ 'కల్లుగీత' అనలేదు. వడ్రంగి కొడుకు వడ్రంగం అనేవాడు, మంగలి కొడుకు క్షౌరం అనేవాడు, వీళ్ళు మాత్రం తలవంచుకొని వ్యవసాయం అనేవారు. ఆ సిగ్గును వాళ్ళకు అంటగట్టింది మనమే. అటువంటి పిల్లలలో ఒకడు పెద్దవాడై ఇప్పటికీ చెట్టెక్కుతున్నాడు. మొన్న కాలువగట్టు మీద కనబడితే అడిగాను.

"అబ్బాయి కూడా ఎక్కుతున్నాడా నాయనా?"

"ఎక్కడండి మేస్టారూ! ఆడు కువైట్ ఎల్లిపోయేడండి. బండి తోల్తన్నాడు."

"నీ పని నేర్పలేదా?"

"నేర్పేనండి. సెట్టెక్కేవోడికి పిల్లనెవరిత్తారండి?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

ఎదుటివారి వాదం కూడా వినాలి కదా. కల్లు కల్తీ అవుతోందంటారు. నిజం. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చెట్లు లేని నగరంలో చెట్టు రసం అన్నిన్ని పీపాలు ఎక్కడినుంచి వస్తుంది? నీళ్ళూ మత్తుమందూ కలిపినదానిని కల్లు అనడమే తప్పు. అది చెట్టు నేరం కాదు, చెట్టుకు దూరమైనందువల్ల పుట్టిన నేరం. పాలు కల్తీ అయితే పశువులను అమ్మేయమంటామా? పరీక్షించాలి, దోషిని పట్టాలి. ఇక స్త్రీల దుఃఖం మాట. దూబగుంట వారిముందు నేను చేతులు కట్టుకొని నిలబడతాను. కల్లు తాగినవాడు ఇంట్లో పెళ్ళాన్ని కొట్టడని నేను ప్రమాణం చేయలేను. కాని ఆ తల్లుల పోరాటం సారా పొట్లం మీద. పొట్లం పోయిన చోట సీసా కూర్చుంటే, ఆ ఉద్యమం పేరు చెప్పి కల్లుపాకను నిందించడం వారికి కూడా అపచారమే.

చెట్ల మాట తలుచుకొంటే కడుపు తరుక్కుపోతుంది. పొలంగట్ల మీద వరుసగా నిలబడిన తాళ్ళు డెల్టాకు ఆనవాళ్ళు. చేపల చెరువులూ రొయ్యల చెరువులూ తవ్వినచోట గట్లు పోయాయి, గట్లతోపాటు తాళ్ళూ పోయాయి. మొక్క గీతకు రావడానికి పన్నెండు పదిహేనేళ్ళయినా పడుతుంది. పడగొట్టడానికి పూట చాలు. ముంజెలు, తాటిపళ్ళు, తేగలు, తాండ్ర, బెల్లం, ఇంటికి దూలాలు, పైకి ఆకులు... ఇన్ని ఇచ్చే చెట్టు కల్లు ఇచ్చినందుకు మాత్రం దోషి అయింది. గీతగాడు లేకపోతే ఆ చెట్టు రైతుకు గట్టు మీది అడ్డమే. కాబట్టి నరుకుతాడు. ఈ రెండింటి చావూ ఒకటే చావు.

ఏం చేయాలంటారా? రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన కేంద్రం తాటి మీద, నీరా మీద ఏళ్ళుగా పనిచేస్తోంది. హైదరాబాదులో 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. మంచిదే. కాని పులియని రసానికి అద్దాల మేడ కట్టి, పులిసిన రసాన్ని గట్టు వెనుకే ఉంచితే సగం న్యాయమే. కేరళలో కల్లు దుకాణానికి కుటుంబాలతో వెళ్ళి కర్రపెండలం దుంపా చేపల కూరా తిని వస్తారు. ఆ వంటకోసమే వెళ్ళేవారున్నారు. గోవావారు జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకొని, 2016లో దానిని తమ వారసత్వ పానీయమని చట్టంలోనే రాసుకొన్నారు. మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు వచ్చినప్పుడు పండుగ చేసుకున్నాం. కల్లు పేరు ఎవరైనా ఎత్తారా? ఊరి పంచాయతీ పరిధిలో, ఊరి చెట్ల కల్లే అమ్మే, శుభ్రమైన, కూర్చోవడానికి బల్ల ఉన్న పాకను గీత సహకార సంఘం నడుపుకొంటే ఎవరికి నష్టం? సీసా కంపెనీలకు తప్ప! చెట్టు మీదినుంచి పడిపోకుండా కాపాడే మోకు తెలంగాణలో 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో పంచడం మొదలుపెట్టారు. మన దగ్గర పడి చనిపోయిన తరువాత ఇచ్చే పరిహారం గురించే మాట్లాడతాం.

సంక్రాంతి బరుల నిర్వాహకులకు నాదొక సవాలు. అన్ని లక్షలు ఖర్చుపెట్టి పందిళ్ళు వేస్తారు కదా, వచ్చే ఏడు ఒక్క పందిరి గీత సంఘానికి ఇచ్చి చూడండి. ఏ ఊరి చెట్టు కల్లో పేరు రాసి పెట్టించండి. అది సీతాకాలమే, చెట్లు కల్లు పారే కాలమే. కెమెరాలవాళ్ళు వద్దన్నా వస్తారు.

సాటి బ్లాగర్లకు మరో పని చెబుతాను, ఇది నా స్వార్థం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం వెలువడింది. పొలానికి వెళ్ళి, రైతు నోట విని మాటలు ఏరారు. గీతకు కూడా అటువంటి శ్రద్ధతో మాటలు ఏరవలసిన అవసరం ఉంది, అదీ చెట్టెక్కేవాడు బ్రతికి ఉండగానే. నా దగ్గర ఇప్పటికి మోకు, బందం, గీతకత్తి, లొట్టి, పోతుతాడు, పండుతాడు మొదలైనవి నలభై దాకా చేరాయి. కోనసీమలో కొబ్బరికల్లు గీసేవారి మాటలు, ఏజెన్సీలో జీలుగుకల్లు వారి మాటలు నాకు చేరలేదు. మీ ఊళ్ళో గెల చివర సన్నగా కోసే ఆ కోతను ఏమంటారో, లొట్టి కట్టే తాటి నారను ఏమంటారో, గీతగాణ్ణే అడిగి రాయండి. మీ ఊరి పేరు కూడా రాయండి.