పగడం మనకు చుట్టమే

గ్రేట్ నికోబార్‌లోని గలాథియా బేలో పెద్ద రేవు కట్టడానికి అక్కడి పగడాల్లో 16,150 కాలనీలను ఊడదీసి వేరేచోట నాటాలన్నది ప్రభుత్వ ఆలోచన. పోర్ట్ బ్లెయిర్‌లో పిల్లలకు జీవశాస్త్రం చెప్పే నాకు ఇది మింగుడుపడటం లేదు.

సముద్రిక మ్యూజియానికి తీసుకెళ్తే, పగడాలను చూసి మా పిల్లలు "రాళ్లే కదా టీచర్" అంటారు. దగ్గరికెళ్లి చూడమంటాను. ఒళ్లంతా చిన్న గుంటలు. ఒక్కో గుంటలో బండి చక్రం ఆకుల్లా నడిమికి సాగిన పలుచని గోడలు. ప్రతి గుంటా పాలిప్ అనే మెత్తటి జీవి కట్టుకున్న ఇల్లు. ఆ ఇళ్ల గుంపే ఒక కాలనీ. పాలిప్‌కు మెదడు లేదు, గుండె లేదు, ఒంటికి ఉన్న ద్వారం ఒక్క నోరే.

అలాంటి ఒక కొమ్ముల పగడం జన్యుపటాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించారు. మనిషిలో ఉన్న జన్యువులకు సాటివి అందులో ఎన్నో కనిపించాయి. టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ సంగతే చూడండి. కణాలను చనిపొమ్మని చెప్పడం దాని పనుల్లో ఒకటి. మా అమ్మ వేళ్లను వంకర చేసిన కీళ్లవాతంలో మితిమీరేది అదే. దాన్ని అడ్డుకోవడానికే ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి. 2014లో మనిషి టీఎన్ఎఫ్‌ను కొమ్ముల పగడం మీద ప్రయోగిస్తే దాని కణాలు చచ్చి, పగడం తెల్లబడింది. పగడం టీఎన్ఎఫ్ మనిషి కణాలనూ చంపింది. 55 కోట్ల ఏళ్ల నాటి ఏర్పాటు రెండు ఒళ్లలోనూ చెక్కుచెదరలేదన్నమాట.

2010 వేసవిలో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దయెత్తున తెల్లబడ్డాయి. తమ ఒంట్లో ఉంటూ తిండి పెట్టే నాచును బయటికి నెట్టేశాయి. నీటి వేడి కాస్త పెరిగితేనే ఇంత అల్లాడే ప్రాణిని ఊడబెరికి, కొత్త నీళ్లలో అతికిస్తే దాని మీద ఎంత భారం పడుతుందో ఆలోచించాలి. అతికిన రోజు బతికి ఉంటే చాలదు. తెల్లబడకుండా నిలవాలి, పిల్లలు పెట్టాలి, చేపలు మళ్లీ చేరాలి.

రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చట్టం దృష్టిలో పులి ఎంతో పగడం అంతే. పులిని సామానులా తరలిస్తామంటే ఊరుకుంటామా? మన దేశంలో ఇంతకుముందు నాటిన పగడాల్లో పదేళ్ల తర్వాత ఎన్ని మిగిలాయో, ఎన్ని సంతానాన్ని ఇచ్చాయో ప్రభుత్వం లెక్క బయటపెట్టాలి. ఆ లెక్క జనం చూసేదాకా గలాథియా పగడాల మీద ఉలి పడకూడదు.