మేకప్‌కి ముందు కాస్త ఓపిక!

"కేకు బాగానే వచ్చింది గానీ బేకరీ కేకులా మెరవదేం?" అని అడిగే చెల్లాయిలూ, తమ్ముళ్ళూ! నా అనుభవం వినండి.

ఆ రోజు మా తమ్ముడి పుట్టినరోజు. కుక్కర్లో కేకు చక్కగా పొంగింది. మ్యాట్నీకి టైమైపోతోందని వేడి వేడి కేకు మీదే పంచదార పూత పోసేశాను. ఇంకేముంది! అంతా కరిగి పళ్ళెంలోకి జారిపోయింది. వాడి మొహం చూశాక సినిమా మాటే మరిచిపోయాను.

తప్పు పూతది కాదు, నా తొందరది. ముందు కేకు పూర్తిగా చల్లారాలి. పంచదారని మిక్సీలో మెత్తగా కొట్టి, జల్లించి, ఆ పొడి 1 కప్పు తీసుకోండి. చిన్న చెంచాతో 3 చెంచాల పాలు పోసి ఉండలు లేకుండా కలపండి. చెంచాతో ఎత్తితే రిబ్బనులా జారాలి. గట్టిగా ఉంటే మరో నాలుగు చుక్కల పాలు, పల్చనైతే కాస్త పొడి. తీపి మొహం మొత్తకుండా అర చెంచా నిమ్మరసం. బిస్కెట్లయితే పైభాగం ముంచి తీస్తే సరి. గంటసేపు ముట్టుకోకండి, ఆరి మెరుస్తుంది.

మర్నాడు మళ్ళీ చేశాను. తమ్ముడు ముందు పూతే గీక్కుని తిన్నాడు!

చెమట ఆరకుండా హీరోయిన్‌కి మేకప్ వేస్తారా? ఇదీ అంతే మరి!