కారు దిగితేనే కనిపించే ఊరు



మొన్న ఏడో తరగతి పిల్లలను ఇంగ్లిష్‌లో 'మై సిటీ' అని ఒక పేజీ రాయమన్నాను. నోట్‌బుక్‌లు దిద్దుతుంటే ఒకే వ్యాసాన్ని మళ్లీ మళ్లీ చదువుతున్నట్టు అనిపించింది. చార్మినార్, గోల్కొండ, బిర్యానీ, హైటెక్ సిటీ. గ్రామర్ తప్పులు తక్కువే. కానీ తాము నడిచిన వీధి గురించి ఒక్కరూ రాయలేదు. హుస్సేన్‌సాగర్ చూశారా అని అడిగితే "కారులోంచి చూశాం మేడమ్" అన్నారు. తప్పు పిల్లలది కాదు. అలాంటి వ్యాసం నేర్పింది నాలాంటి టీచర్లే.

అందుకే ఒక మనవి. నెలకు ఒక్క ఆదివారం ఉదయం ట్యూషన్, ఒలింపియాడ్ కోచింగ్ పక్కనపెట్టి, పిల్లలతో కలిసి సాగర్ ఒడ్డున నడవండి.

కారు ఇంట్లోనే ఉంచి ఎంఎంటీఎస్‌లో సంజీవయ్య పార్క్ స్టేషన్‌కు వెళ్లండి. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన పార్కు అది. 2016లో అక్కడ నిలిపిన 291 అడుగుల జెండా స్తంభాన్ని పిల్లలు తలెత్తి చూడాల్సిందే. అక్కడి నుంచి నీటిని ఎడమ చేతి వైపు ఉంచుకుని నెక్లెస్ రోడ్డు వెంట సాగితే ఎన్టీఆర్ గార్డెన్స్, 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, లుంబినీ పార్కు దారిలో వస్తాయి. ఆ తర్వాత ట్యాంక్‌బండ్. 1560లలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువు గట్టు మీద నడుస్తున్నామని పిల్లలకు చెప్పండి. మొల్ల, జాషువా, మఖ్దూం విగ్రహాల దగ్గర ఆగి పేర్లు వాళ్ల చేతే చదివించండి. చాలామంది ఇంగ్లిష్ మీడియం పిల్లలకు అది నిజంగానే తెలుగు పరీక్ష!

"ఫీజు కడుతున్నది చదువు కోసం, షికార్ల కోసం కాదు" అని మీలో కొందరు అనుకోవచ్చు. పోయిన నెల మా అక్క కొడుకును ఇదే దారిలో తీసుకెళ్లాను. వాడికి పన్నెండేళ్లు, లెక్కల్లో ఎప్పుడూ ముందుంటాడు. జంక్షన్ దగ్గర రోడ్డు దాటాల్సి వస్తే నా చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడిపోయాడు. బండ్లు ఎటు నుంచి వస్తాయో చూసుకోవడం వాడికి ఎవరూ నేర్పలేదు. స్కూల్ బస్సు గుమ్మం దగ్గరే ఎక్కించుకుని గుమ్మం దగ్గరే దింపుతుంది కదా! మూడు నాలుగేళ్లలో వాడు ఇంటర్‌కు వెళ్లాలి. అప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుంటాడు?

దారి బాగుంటుందని నేను అబద్ధం చెప్పను. ఫుట్‌పాత్ కొన్నిచోట్ల తెగిపోతుంది. నీటి నుంచి వాసన వస్తుంది. మావాడు ముక్కు మూసుకుని "ఈ కంపు ఎక్కడిది?" అన్నాడు. నాలాల్లోంచి మురుగు వచ్చి ఇందులో కలుస్తుందని చెప్పాను. కాసేపు ఆలోచించి "మన ఇంటి నీళ్లు కూడానా?" అన్నాడు. నా దగ్గర చప్పున జవాబు లేదు. సైన్స్ పుస్తకంలో నీటి కాలుష్యం పాఠం వాడు ఎప్పుడో చదివేశాడు. ఆ ప్రశ్న మాత్రం అక్కడ నిలబడ్డాకే పుట్టింది.

భయం ఉండటం సహజమే. అందుకే పిల్లలను ఒంటరిగా పంపమనడం లేదు, మీరు పక్కన నడవమంటున్నాను. ఈసారి ఒక జంక్షన్ దగ్గర మీరు ఆగి, ఎప్పుడు దాటాలో వాళ్లను చెప్పనివ్వండి. ఫోన్ జేబులో ఉంచండి, ఫొటోలు చివర్లో తీసుకోవచ్చు. విశాఖలో ఉన్నవారికి బీచ్ రోడ్డు ఎలాగూ ఉంది. ఏ ఊరికైనా నడవదగ్గ దారి ఒకటి ఉంటుంది.

నా వంతుగా ఒక మాట ఇస్తున్నాను. మా క్లాసు పిల్లలు ఎవరైనా అలా నడిచి వస్తే, ఆ సోమవారం వాళ్లకు రైటింగ్ హోంవర్క్ ఉండదు. చూసింది ఇంగ్లిష్‌లోనో తెలుగులోనో నోటితో చెబితే చాలు. మార్కులు వేయను. వింటాను.