వెనక పేజీలో జవాబు లేని లెక్క

షూజీ నకమురా చదివింది జపాన్‌లోని తొకుషిమా విశ్వవిద్యాలయంలో. టోక్యో, క్యోటోల పక్కన వినిపించే పేరు కాదది. 1979లో మాస్టర్స్ ముగించి, ఆ దగ్గర్లోనే ఉన్న నిచియా అనే కంపెనీలో చేరాడు. ట్యూబ్‌లైట్లకు, టీవీ తెరలకు పూసే ఫాస్ఫర్ పొడి అమ్ముకునే కంపెనీ అది. 2014లో ఆయనకు భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ రోజు మన ఇళ్లలో వెలుగుతున్న తెల్లని ఎల్‌ఈడీ బల్బుకు ఆయన పనే ఆధారం.

నోబెల్ గురించి అందరూ రాస్తారు. నాకు ముఖ్యమనిపించేది నిచియాలో ఆయనకు గడిచిన మొదటి పదేళ్లు. ఎల్‌ఈడీలకు కావలసిన ముడిపదార్థాలు తయారు చేయమని ఆయనకు అప్పగించారు. డబ్బు లేదు, చేయి కలిపేవాళ్లూ పెద్దగా లేరు. కొలిమి సొంతంగా కట్టుకున్నాడు. క్వార్ట్జ్ గొట్టం ఖరీదైనది కాబట్టి, వాడినదాన్ని కోసి, మళ్లీ తన చేత్తోనే వెల్డింగ్ చేసి అతికేవాడు. అతుకులో ఎక్కడైనా లోపం ఉంటే లోపలి ఫాస్ఫరస్‌కు గాలి తగిలి పేలేది. మొదట్లో ఆ చప్పుడుకు తోటివాళ్లు పరిగెత్తుకొచ్చేవారట. కొన్నాళ్లకు అదీ మానేశారు. అంత కష్టపడి చేసిన సరుకు కూడా పెద్దగా అమ్ముడుపోలేదు, అప్పటికే పెద్ద కంపెనీలు బజారులో ఉన్నాయి.

1988లో స్ఫటికాలు పెంచే కొత్త పద్ధతి నేర్చుకోవడానికి ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ చుట్టూ ఉన్నవాళ్లు పీహెచ్‌డీలు. ఈయనకు పీహెచ్‌డీ లేదు, అచ్చయిన పరిశోధన పత్రాలూ లేవు. తనను టెక్నీషియన్ లాగే చూశారని తర్వాత చెప్పుకున్నాడు. ఏడాదిలో ఎక్కువ భాగం యంత్రం బిగించడానికే సరిపోయింది.

తిరిగొచ్చి నీలం ఎల్‌ఈడీ మీద పడ్డాడు. ఎరుపు ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. నీలం లేకపోతే తెల్లని వెలుగు లేదు, ప్రకాశవంతమైన నీలమే ఎవరికీ చిక్కలేదు. పేరున్న ప్రయోగశాలల్లో చాలావరకు జింక్ సెలెనైడ్ వైపు వెళ్తే, నకమురా లోపాలెక్కువని చాలామంది వదిలేసిన గాలియం నైట్రైడ్‌ను ఎంచుకున్నాడు. కొనితెచ్చిన యంత్రంతో మంచి స్ఫటికం రాలేదు. దాంతో యంత్రాన్నే విప్పడం మొదలుపెట్టాడు. ఉదయం గొట్టాలు కోసి, వంచి, అతికి, వాయువు వచ్చే దారి మార్చడం. మధ్యాహ్నం నుంచి స్ఫటికం పెంచి చూడడం. మర్నాడు మళ్లీ అదే. ఏడాదికి పైగా ఇలాగే సాగింది. చివరికి పక్క నుంచి ఒక వాయుధార, దాన్ని అదిమిపట్టేలా పైనుంచి మరొకటి పంపితే స్ఫటికం కుదిరింది. ఇంకొకరైతే యంత్రం అమ్మిన కంపెనీకి ఉత్తరం రాసి, వాళ్ల మనిషి కోసం ఎదురుచూసేవారు. పదేళ్లు గొట్టాలు అతికిన చెయ్యి కాబట్టి ఈయనకు ఆ అవసరం రాలేదు. 1993లో నిచియా ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీని ప్రకటించింది. డాక్టరేట్ ఆ తర్వాత 1994లో, తొకుషిమా నుంచే వచ్చింది.

నోబెల్ పంచుకున్న అకసాకి, అమానోలు పనిచేసింది మాత్రం పేరున్న నగోయా విశ్వవిద్యాలయంలోనే. వాళ్లూ ఏళ్ల తరబడి విఫల ప్రయోగాల మధ్యే గడిపారు. గొప్ప విశ్వవిద్యాలయం తప్పని నేను అనడం లేదు. మంచి గురువులు, మంచి పరికరాలు దొరుకుతాయి, మొదటి తలుపు త్వరగా తెరుచుకుంటుంది. తలుపు దాటాక ముప్ఫై ఏళ్ల పని ఉంటుంది. దాన్ని ఏ పట్టా చేసిపెట్టదు.

మన పిల్లలు కష్టపడడం లేదా అంటే, పడుతున్నారు. చూస్తే కడుపు తరుక్కుపోయేంత పడుతున్నారు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి దాకా క్లాసులు, వారం వారం టెస్టులు, ఈసారి కాకపోతే లాంగ్ టర్మ్. 2024లో ఐఐటీలన్నిటిలో కలిపి సీట్లు 17,740. ఆ ఏడాది జేఈఈ మెయిన్ రాసినవాళ్లు సుమారు 14 లక్షలు. నా బాధ ఆ కష్టం తీరు గురించి. వెనక ఒకరు నిలబడి చేయించే కష్టం అది. ప్రతి లెక్కకూ వెనక పేజీలో జవాబు ఉంటుంది. ర్యాంకు రాగానే ఇక పని అయిపోయిందని ఇంటిల్లిపాదీ అనుకునేలా చేస్తుంది. ర్యాంకు రానివాడికి ఇక తన బతుకింతే అని పదిహేడో ఏటే చెప్పేస్తుంది. జవాబు ఎవరికీ తెలియని పని ముందు, అడిగేవాడు లేకుండా, రోజూ మళ్లీ కూర్చోగలగడం వేరే విద్య. ఆ విద్యకు మన కాలేజీల్లో పీరియడ్ లేదు.

నకమురా ఒంటిచేత్తో నెగ్గలేదు. నిచియా స్థాపకుడు నొబువో ఒగావా, అమ్ముడుపోని సరుకు చేసిన ఈ ఉద్యోగిని నమ్మి కోట్ల యెన్‌ల ఖర్చుకు సరేనన్నాడు. ఆయన తర్వాత వచ్చిన యాజమాన్యం ఆపమన్నా నకమురా ఆపలేదు. పని చూసి మనిషిని నమ్మే ఒగావా లాంటివాళ్లు మన దగ్గర తక్కువ. కాలేజీ పేరు చూసి రెజ్యూమెలు వడపోసే అలవాటు హైదరాబాద్ కంపెనీల్లో బాగా పాతుకుపోయింది. మారుమూల ఇంజనీరింగ్ కాలేజీ పిల్లవాడి పని చూసే అవకాశమే వాళ్లకు రాదు. ఈ ఏడాది క్యాంపస్ సెలక్షన్లకు వెళ్లే వాళ్లకు నాదొక మనవి. కాలేజీ పేరు కనబడకుండా కప్పి, అభ్యర్థి సొంతంగా చేసిన పని ఒకటి తెమ్మనండి. ఎక్కడ ఆగిపోయావు, ఆగినప్పుడు మర్నాడు ఏం చేశావు అని అడగండి. పూర్తయ్యాకే పేరు తెరవండి.