విద్యుత్ బండ్లపై పసిబిడ్డలు

ప్రాతఃకాలమున బడివేళకు రాజమహేంద్రవరపు వీథులలోగాని, భీమవరము, పాలకొల్లు బాటలలోగాని, కోనసీమ కాలువగట్లపైగాని నిలిచి చూచువారికి ఒక దృశ్యము నిత్యము కానవచ్చును. విద్యుత్తుతో నడచు చిన్నబండిని తల్లియో తండ్రియో నడపుచుందురు. ముందు కాళ్లు మోపు పలకపై ఒక బిడ్డ నిలుచుండును. వెనుక మరియొక బిడ్డ, నడుమ పుస్తకముల సంచి. ఒక్కరి తలపైనను శిరస్త్రాణ ముండదు. బండికి చప్పుడు లేదు, పొగ లేదు. కావున అపాయమును లేదని పెక్కుమంది తలంచుచున్నారు. ఈ తలంపునే మేము నేడు విమర్శింపదలచితిమి.

విద్యుత్ బండిని మేము నిందింపబోము. పెట్రోలు వెలకు జడియు గృహస్థునకు అది అక్కరకు వచ్చినది. మన స్త్రీలకు ఒకరిపై ఆధారపడకుండ తిరుగు వీలు కలిగించినది. బిడ్డలను క్రిక్కిరియ నెక్కించుకొను ఆటోకన్న తల్లి నెమ్మదిగా నడపు బండియే మేలనువారి మాటలోను సత్యము కలదు. 2022లో విజయవాడలో ఒక యింట బ్యాటరీ ప్రేలి ఒకరు మరణించినప్పుడును, సికిందరాబాదున విద్యుత్ బండ్ల దుకాణమున్న భవనములో మంటలు రేగి ఎనిమిదిమంది అసువులు బాసినప్పుడును జనులు బ్యాటరీలను చూచి భయపడిరి. ఆ భయము అకారణము కాదు. కాని ఆ సంవత్సరముననే దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణింపగా, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై పోవువారే. నిత్యాపాయము నిప్పులో కాదు, పడుటలో నున్నది.

చట్టము ఊరకుండలేదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ద్విచక్రవాహనముపై నడపువారుగాక మరియొక్కరికి మాత్రమే చోటిచ్చినది. 2022 ఫిబ్రవరిలో ప్రకటింపబడి, మరుసటి యేడు అమలునకు వచ్చిన నిబంధనము నాలుగేండ్లలోపు బిడ్డల విషయమున మూడు కట్టుబాట్లు చేసినది: బిడ్డను నడపువారితో కలిపి యుంచు పట్టీ, తొమ్మిది నెలలు దాటిన బిడ్డ తలకు సరిపోవు శిరస్త్రాణము, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగము.

అయినను ఒక సందు మిగిలియే యున్నది. మోటారు శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోబడిన తేలిక విద్యుత్ బండి మోటారు వాహనముగా నెన్నబడదు. దానికి రిజిస్ట్రేషను లేదు; నడపువారికి లైసెన్సు అక్కరలేదు. అందుచే పండ్రెండేండ్ల అన్న ఆరేండ్ల చెల్లెలిని వెనుక నెక్కించుకొని పోవుచున్నను అడుగువారు లేరు. శాసనము చేసిన భేదము నేలకు తెలియునా? గంటకు 25 కిలోమీటర్ల వేగమనగా, పెంకుటింటి చూరెత్తునుండి పడినవాడు నేలను తాకునప్పటి వేగము. వేగము రెట్టింపైనచో దెబ్బ తీవ్రత నాలుగు రెట్లగును. బిడ్డను చూరుపై కూర్చుండబెట్ట నే తల్లి యొప్పుకొనును?

ఈ బండికి ప్రత్యేకమైన దోషములును కలవు. ఆగియున్నప్పుడు అది నడచుటకు సిద్ధముగా నున్నదో లేదో చెవికి తెలియదు. ముందు నిలిచిన బిడ్డ ఆటగా పిడి త్రిప్పినచో తక్షణమే ముందునకు దుముకును. దేనికైనను గ్రుద్దుకొన్నప్పుడు, ఆ బిడ్డయే పిడికిని పెద్దల దేహమునకును నడుమ నలిగిపోవును. చప్పుడు లేమిచే బాటసారులును దాని రాకను గుర్తింపరు.

మన సీమకు మరియొక చిక్కు కలదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు కాలువలే మన సిరికి మూలము. వాని గట్లే మన బాటలు. ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క పల్లపు చేను, ఎదుట ధాన్యపు ట్రాక్టరో రొయ్యల లారీయో! పలుచోట్ల అడ్డుగోడయైనను లేదు. ఇట్టి బాటలపై బిడ్డకు కట్టు పట్టీ ఒక్క చేతితో విప్పుటకు వీలైనదిగా నుండవలెను.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. బండిపై ఒక్క బిడ్డనే, వెనుకనే కూర్చుండబెట్టుడు. బండి చిన్నదైనను శిరస్త్రాణమును మానకుడు. బిడ్డను ఎక్కించునప్పుడును దింపునప్పుడును తాళము తీయుడు. బాలుర చేతికి బండి నీయకుడు. ప్రభుత్వము బిడ్డల నెక్కించుకొను తేలిక బండ్లకును శిరస్త్రాణ విధిని వర్తింపజేయవలెను. బడికి పోవు కాలువగట్లపై ముందుగా అడ్డుగోడలు కట్టింపవలెను. బండి నమ్ము వర్తకుడు బిడ్డకు సరిపోవు శిరస్త్రాణమును గూడ దుకాణమున నుంచవలెను.

కళ్లమునందలి ధాన్యమునకు రాత్రియెల్ల కావలి కాయు రైతు, రొయ్యల చెరువుకడ నిదుర మాను గృహస్థు, తన బిడ్డ తలకొక కాపు కల్పించుటకు వెనుదీయుట తగునా? చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొను అలవాటును ఈ ఒక్క విషయమునందైనను మనము విడుతము గాక!