కమ్మని వాసన, కానరాని బలము

చేదు వస్తువు తన కావలిని తనతోనే తెచ్చుకొనును. వేపాకు నోట బెట్టిన పసివాడు వెంటనే యుమియును. కమ్మని వస్తువునకు అట్టి కావలి లేదు. కావుననే గంజాయి సారమును గూర్చి రెండు మాటలు వ్రాయ నెంచితిని.

అమెరికాలో కొలరాడో ప్రజలు 2012లోను, కాలిఫోర్నియా ప్రజలు 2016లోను 21 యేండ్లు నిండినవారికి గంజాయి నిషిద్ధము కారాదని వోటు వేసిరి. అచటి యంగళ్లలో ఇపుడు దాని సారమును అమ్ముచున్నారు. ఆడుమొక్క పూతపై నుండు జిగురును బ్యూటేను మొదలగు ద్రావకములతో లాగి, ఆ ద్రావకమును తొలగింపగా మైనము వంటి పదార్థము మిగులును. ఇండికా, సటైవా యను తెగలను కలిపి పెంచిన సంకరజాతి సారము దేహమునకు విశ్రాంతిని, మనస్సునకు ఉల్లాసమును ఒక్కసారే యిచ్చునని వర్తకులు చెప్పుదురు. నిమ్మ, మామిడి, మిరియముల రుచులను వర్ణింతురు.

ఆ రుచులు బొంకు కావు. నిమ్మతొక్కలోని లిమొనీను, మామిడిలోని మిర్సీను, మిరియములలోని కారియోఫిల్లీను ఈ మొక్కయందును గలవు. కాని మత్తు గొలుపునది వేరొకటి. 1964లో ఇజ్రాయేలు శాస్త్రజ్ఞులు మెషూలాము, గావోని వేరుపరచిన టీ.హెచ్.సీ. యనునదే యది. దానికి వాసన లేదు. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో 1995లో అది నూటికి సుమారు 4 పాళ్లు, 2014లో సుమారు 12 పాళ్లు ఉండెను. సారమునందు 60 పాళ్లకు మించియు నుండుట కలదు. ఇంత భేదమును నాలుక కనిపెట్టజాలదు.

పొగ పీల్చిన కొలది నిమిషములకే గుండె వడిగా కొట్టుకొనును, జ్ఞాపకము తడబడును, కాలము సాగినట్లు తోచును, కొందరిని అకారణమైన భయము పట్టుకొనును. బలమైన సరకును నిత్యము సేవించువారికి చిత్తభ్రమ కలుగు అపాయము హెచ్చు. ఇరువదియైదేండ్ల ప్రాయము వరకు ఎదుగుచునే యుండు మెదడునకు ఇది మరింత కీడు.

"ఇది ఔషధము కాదా?" యని యడుగవచ్చును. ఈ మొక్కనుండియే తీసిన మత్తులేని కెనబిడయోలును కొన్ని తీవ్రమైన మూర్ఛరోగములకు మందుగా 2018లో అమెరికా ప్రభుత్వ మంగీకరించెను. అయితే మందు తన కొలతను ముందుగా చెప్పును. వైద్యుడు దానిని రోగికి తగినట్లు నిర్ణయించును. అంగడి సరకు మొదట రుచిని చెప్పును.

మన దేశమున 1985 నాటి చట్టము గంజాయిని, చరసును నిషేధించుచున్నది. కాని మన బిడ్డలు పైచదువులకై ఆ దేశములకును పోవుచున్నారు. తలిదండ్రులారా, కసరుటతో సరిపెట్టక వారికి ఈ సంగతి విప్పి చెప్పుడు. విద్యార్థులారా, ఎవడైన "రుచి చూడుము" అన్నపుడు, రుచి దాని బలమును చెప్పదని జ్ఞప్తియందుంచుకొని, వలదని చెప్పి యింటికి రండు.