పది కోట్ల కారూ, పోయిన పల్లెలూ

మొన్న విశాఖలో ఉక్కు నిర్వాసితుల ధర్నాకు మద్దతుగా మా కూలి సంఘం తరఫున పాతిక మందిమి వెళ్లాం. ధర్నా ముగిశాక, సముద్రం చూసి చాన్నాళ్లయిందని మావాళ్లంటే బీచ్ రోడ్డుకు నడిచాం. ఒక పెద్ద హోటలు ముందర ఒక విదేశీ కారు ఆగివుంది. కుర్రవాళ్లు చుట్టూ మూగి ఫోటోలు తీసుకుంటున్నారు. దాని ఖరీదు పది కోట్లుంటుందని వాళ్లలో ఒకడు చెప్పాడు. మాతో వచ్చిన ఒక నాట్ల కూలీ తల్లి, "పది కోట్లంటే మన ఉపాధి పని ఎన్ని దినాలు సెయ్యాల బాబూ?" అనడిగింది. అక్కడ అందరం నవ్వేశాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని లెక్క కట్టాం.

2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన పది కోట్లకు మూడు లక్షల పాతికవేల పనిదినాలు పైనే కావాలి. ఏడాదికి వంద రోజులూ పూర్తిగా పని దొరికి, ఒక్క రూపాయి కూడా తినకుండా దాస్తే ఒక కుటుంబానికి 3,257 ఏళ్లు పడుతుంది. వంద రోజులూ దొరికిన కుటుంబం మా వూళ్లో ఎక్కడుందో అది వేరే సంగతి.

రైతుల శీర్షికలో కార్ల గోలేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. వుంది సంబంధం. కారు గాలిలో పుట్టదు, భూమిలోంచే పుడుతుంది. ఎవరి భూమిలోంచి అన్నదే మా ప్రశ్న.

ముందు ఆ కార్ల మాట కొంచెం చెప్పుకుందాం. బుగాటీ కంపెనీవారి షిరాన్ అనే కారుకు పదహారు సిలిండర్లు, 1,500 గుర్రాల బలం. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లు యాభై గుర్రాలవి ముప్పై కలిస్తే ఆ ఒక్క కారు. పూర్తి వేగంతో తోలితే వంద లీటర్ల ట్యాంకు పది నిమిషాల్లోపే ఖాళీ అవుతుంది. మన చిన్న ఆయిలింజనుకు అంత నూనె పోస్తే ఒక రైతు వంద గంటల పాటు చేనుకు నీరు తోడుకుంటాడు. అదే కంపెనీ 2019లో జెనీవా ప్రదర్శనలో ఒకేఒక్క కారు చేసి, పన్నులు కాకుండా కోటి పది లక్షల యూరోలు అంది. దీన్ని కూడా మించింది 2022 మే నెలలో జరిగింది. 1955 నాటి మెర్సిడెస్ కారు ఒకటి వేలంలో 13 కోట్ల 50 లక్షల యూరోలకు పోయింది. మన రూపాయల్లో సుమారు పదకొండు వందల కోట్లు. ఆ డబ్బుతో విద్యార్థి వేతనాల నిధి పెడతామని కంపెనీ ప్రకటించింది. సరే, మంచిదే. కాని ఇటు చూడండి. 2025 జనవరిలో విశాఖ ఉక్కును బతికించడానికని కేంద్రం ప్రకటించిన ప్యాకేజీ మొత్తం 11,440 కోట్లు. ఒక పాత కారు ఖరీదు దాంట్లో పదోవంతు! 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీ అది.

ఈ మోజు మనకు కొత్త కాదు. ఆరో నిజాం 1911లో రోల్స్‌రాయిస్ వారికి పసుపుపచ్చ కారొకటి పురమాయించి, అది రాకముందే పోయాడు. 1912లో తయారైన ఆ బండిని కొడుకు వూరేగింపులకు వాడాడు. నడిచిన దూరం బహు తక్కువ. ఇప్పటికీ చౌమహల్లాలో వుంది, చూడవచ్చు. అదే రాజ్యంలో అదే కాలంలో పల్లెల్లో వెట్టి బండ్లు మాత్రం రాత్రింబవళ్లు తిరిగాయి.

ఇక అసలు సంగతికొద్దాం. కారంటే ఉక్కు అనుకుంటాం. ఈ మహా ఖరీదైన కార్లలో ఉక్కు పాలు తక్కువ. కొన్నిటికి కార్బన్ నారతో వొళ్లు చేస్తారు. రోల్స్‌రాయిస్ ఫాంటమ్ అస్థిపంజరం అల్యూమినియం. అల్యూమినియం అంటే బాక్సైట్. బాక్సైట్ అంటే మన విశాఖ మన్యం: అనంతగిరి, అరకు, చింతపల్లి కొండలు. గిరిజనుల భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో తేల్చి చెప్పింది. అయినా 2015 నవంబరులో 97వ నెంబరు జీవో తెచ్చారు. కొండల మీద జనం కదిలారు, చివరికి రద్దు చేయక తప్పలేదు. కొండ నెత్తిన బాక్సైట్ పొర స్పంజిలాగ వాన నీటిని పట్టివుంచి గెడ్డల్లోకి వదులుతుంది. దాన్ని చెక్కేస్తే కింద కాఫీ తోటకీ, వరి మడికీ వచ్చే నీరు ఎండుతుంది. మన్యం రైతుకు ఈ సంగతి ఇంజనీర్లు చెప్పనక్కర్లేదు. పక్కన కొరాపుట్‌లో నాల్కో తీసే బాక్సైట్ దమన్‌జోడిలో అల్యూమినా పొడిగా మారి, మన విశాఖ రేవులోనే వోడలెక్కి విదేశాలకు పోతుంది. పొడిగా పోయింది ఏ రూపంలో తిరిగొస్తుందో బీచ్ రోడ్డు మీద చూడవచ్చు.

ఇనుము కథ ఇంకా విడ్డూరం. బైలడిల్లా కొండల ఖనిజాన్ని జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికే 1960లలో కిరండూల్ - కొత్తవలస రైలుమార్గం వేశారు. పెద్ద వోడల కోసం 1976లో బయటి రేవు కట్టారు. ఖనిజం అటు పోయింది, జపాన్ కార్లు ప్రపంచమంతా తిరిగాయి. ఆ రైలుమార్గం కొసన, ఆ రేవు పక్కన వున్న మన ఉక్కు ఫ్యాక్టరీకి మాత్రం సొంత ఇనుప గని లేదు! ఖనిజం కొనుక్కుంటూ బతకమన్నారు. నష్టాలొచ్చాయి కనుక అమ్మేస్తామని 2021 జనవరిలో తీర్మానించారు. ఎద్దుకు మేత వేయకుండా కట్టి, చిక్కిపోయింది కనుక సంతకు తోలుతామన్నట్టుంది.

ఫ్యాక్టరీకి భూమి ఎవరిచ్చారు? అరవైనాలుగు గ్రామాల జనం. ఇరవై వేల ఎకరాలకు పైగా పోయింది. పదహారు వేలకు పైగా కుటుంబాలు లేచిపోయి గాజువాక, అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ చుట్టూ కాలనీల్లో సర్దుకున్నాయి. ఇంటికో ఉద్యోగమని ఆర్-కార్డులిచ్చారు. కార్డు పట్టుకుని తండ్రి పోయాడు, కొడుక్కి వయసు దాటింది, ఇప్పుడు మనవడు ఆ కార్డు పట్టుకుని ధర్నాలో కూర్చుంటున్నాడు. అలాంటివాళ్లు వేలల్లో వున్నారు. భూమి లేని కూలీల మాట ఆ లెక్కల్లోకే రాలేదు. భూమి పోతే రైతుకు ఎంతోకొంత నష్టపరిహారం వచ్చింది. ఆ భూమి మీద కలుపు తీసి, కోతలు కోసి బతికినవాడికి ఏమొచ్చింది? నిర్వాసితుల పోరాటంలో మేము చెప్పవలసినంత గట్టిగా ఈ మాట చెప్పలేదు. అది మా తప్పే.

ఇక పన్నుల సంగతి. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో నలభై వేల డాలర్లు దాటిన దిగుమతి కార్ల మీద అసలు సుంకం నూటికి నూరు నుండి డెబ్బైకి తగ్గించి, నలభై శాతం సెస్సు వేశారు. ఆ సెస్సు పేరేమిటో తెలుసునా? వ్యవసాయ మౌలిక వసతుల, అభివృద్ధి సెస్సు! అంటే కోటీశ్వరుడి కారు మీద రైతు పేరిట వసూలు. మొత్తం భారం మునుపటిలాగే నూట పది. సుంకంలో రాష్ట్రాలకు వాటా వుంటుంది, సెస్సులో వుండదు. అదీ కిటుకు. అదే ఏడాది జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన వ్యాపార ఒప్పందంలో, పరిమిత సంఖ్యలో వచ్చే కార్లకు ఆ సుంకాన్ని క్రమంగా పది శాతానికి దించడానికి మనవాళ్లు వొప్పుకున్నారు. రోల్స్‌రాయిస్, బెంట్లీ తయారయ్యేది బ్రిటన్‌లోనే. నూట పది కాస్తా పదికి దిగితే రైతు పేరు మీద వున్న నలభై ఏమవుతుంది? సెప్టెంబరులో పెద్ద కార్ల జీఎస్టీ, పైన వున్న సెస్సుతో కలిసి యాభై దాకా వుండేది, నలభైకి దిగింది. ట్రాక్టరు మీద కూడా పన్నెండు నుండి అయిదుకు తగ్గించారు, కాదనం. ట్రాక్టరు కొనగలిగే రైతులు మా వూళ్లో ఎందరో చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కనుక వచ్చే సోమవారం అర్జీల రోజున మేము అనకాపల్లి కలెక్టరాఫీసుకు వెళుతున్నాం. వ్యవసాయం పేరిట వసూలయిన ఆ సెస్సులోంచి మన జిల్లాకు ఎంత వచ్చింది, దానితో ఎక్కడ గోదాము కట్టారు, ఏ చెరువుకు గట్టు వేశారు, మూతబడిన తుమ్మపాల చక్కెర మిల్లు చెరకు రైతులకు దాంట్లోంచి ఏమైనా అందిందా అని రాతపూర్వకంగా అడుగుతాం. కూలి లెక్క అడిగిన తల్లి కూడా వస్తానంది. ఆర్-కార్డులున్నవాళ్లు కార్డులు వెంట తెచ్చుకోవలసిందిగా మనవి.